నీటి ఆంక్షల్లో లాన్ బాధ్యత మీదైతే

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, కార్లు కడగడానికి, ఫౌంటెన్లకు వాడొద్దని ఆదేశించింది. మీరితే 5,000 రూపాయల జరిమానా, మళ్లీ అదే పని చేస్తే రోజుకు 500 అదనం. 2025లో ఫిబ్రవరిలోనే అలాంటి ఆదేశం మళ్లీ వచ్చింది. జరిమానా కట్టేది అసోసియేషన్ కావచ్చు, పైపుతో కనిపించేది మాత్రం తోటమాలి. లాన్ ఎండితే మాట పడేదీ అతనే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వెళ్లి బెంగళూరు అపార్ట్‌మెంట్లలో తోటపని చేస్తున్నవాళ్లకూ, హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల్లో లాన్లు చూసుకునే సూపర్‌వైజర్లకూ ఈ సలహాలు.

ముందు ఒక మాట ఖాయం చేసుకోండి. ఆంక్షలున్నన్నాళ్లూ మీ పని గడ్డిని బతికించడం. పచ్చదనం సంగతి వానలొచ్చాక చూసుకోవచ్చు. ఈ సంగతి లాన్ రంగు మారకముందే కమిటీకి చెప్పాలి. మారిన తర్వాత చెబితే సాకులా వినిపిస్తుంది.

కాగితం మీద ఉండాల్సినవి

ఏ నీళ్లు వాడాలి? మున్సిపల్ నీళ్లా, బోరు నీళ్లా, ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసినవా? ఎన్నాళ్లకోసారి పెట్టాలి? ఏ భాగాన్ని వదిలేయాలి? ఇవి మేనేజర్ చేత రాయించుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా చాలు. తడి పెట్టిన తేదీ, ఎంతసేపు పెట్టారో ఒక నోట్‌బుక్‌లో రాయండి. వారానికోసారి ఒకేచోట నిలబడి ఫొటో తీయండి. రేపు ఎవరైనా అడిగితే మీ తరఫున మాట్లాడేవి ఇవే.

నీటి లెక్క

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్లు నిలిస్తే అది ఒక లీటరు. ఎండాకాలంలో లాన్ పచ్చగా ఉండాలంటే వారానికి సుమారు 25 మిల్లీమీటర్లు కావాలి. 100 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 120 గజాలకు, వారానికి 2,500 లీటర్లు. రెండు వారాలకు 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి ఖాళీ. అదే గడ్డి ప్రాణంతో ఉంటే చాలనుకుంటే రెండు వారాలకు ఒకసారి 12 మిల్లీమీటర్లు పెట్టి చూడవచ్చు. 1,200 లీటర్లతో సరిపోతుంది. నేల మరీ పలచగా ఉన్నచోట కాస్త ముందుగా పెట్టాలి.

మీ పైపు ఎంత నీళ్లిస్తుందో బకెట్‌తో తెలుసుకోండి. 20 లీటర్ల బకెట్ నిమిషంలో నిండితే, ఆ 1,200 లీటర్లకు గంట పడుతుంది. గంటసేపూ ఒకేసారి వదిలితే గట్టిపడ్డ నేల తాగదు, నీళ్లు దారి మీదికి పారతాయి. జల్లు గన్‌తో ఒక భాగాన్ని కొద్దిసేపు తడిపి, పక్క భాగానికి వెళ్లి, అరగంట తర్వాత మళ్లీ మొదటి చోటికి రండి. పొడుగాటి స్క్రూడ్రైవర్ గుచ్చితే నాలుగైదు అంగుళాలు సులువుగా దిగాలి. దిగకపోతే తడి పైపైనే ఉందన్నమాట. రోజూ కాస్త కాస్త చల్లడం కన్నా అరుదుగా, లోతుగా పెట్టడమే మేలు. వేళ్లు లోపలికి దిగుతాయి. తెల్లవారుజామున ముగించండి. మధ్యాహ్నం పెడితే ఆవిరైపోయేది ఎక్కువ.

ఎండిందా, చచ్చిందా?

నడిచిన అడుగుజాడలు చాలాసేపు చెదరకుండా ఉండి, గడ్డి బూడిదరంగు నీలంలోకి తిరిగితే దప్పికతో ఉందని అర్థం. పూర్తిగా గోధుమరంగు వచ్చాక గుప్పెడు పట్టి లాగి చూడండి. వేళ్లు నేలను వదలకపోతే, దుబ్బు మొదట్లో ఆకుల పొర ఒలిస్తే తెల్లగా, కాస్త తేమగా కనిపిస్తే, అది బతికే ఉంది. తేలిగ్గా ఊడొచ్చి, మొదలు పుల్లలా విరిగితే చచ్చినట్టే. గరిక జాతి నేలలోని కాండాల బలంతో చాలాకాలం ఓర్చుకుంటుంది. పార్కింగ్ స్లాబ్ మీద అడుగు మట్టిలో వేసిన లాన్‌కు ఆ వెసులుబాటు తక్కువ, అది ముందుగా ఎండుతుంది. ఈ తేడా కమిటీకి ముందే చూపించండి.

చేయాల్సినవి, మానాల్సినవి

కోత మిషన్ ఎత్తు పెంచండి. ఒక కోతలో మూడో వంతుకు మించి తీయకండి. బ్లేడుకు పదును పెట్టించండి. ఎదుగుదల ఆగిన గడ్డిని అసలు కోయకండి. యూరియా వేయకండి, నీళ్లు లేనప్పుడు కొత్త చిగుళ్లు గడ్డికి భారం. తుంగను చేత్తో పీకండి. ఎండిన గడ్డి మీద క్రికెట్, షామియానా ఫంక్షన్లు వద్దని తాడు కట్టించండి. తొక్కిడికి దుబ్బు మొదలే నలిగిపోతుంది.

ఇతర నీళ్లు

ఎస్టీపీ నీళ్లు సరిగా శుద్ధి అయితే లాన్‌కు బాగా పనికొస్తాయి. చేతికి గ్లౌజులు వేసుకోండి, పిల్లలు ఆడే వేళ చల్లకండి, వాసన వస్తే ఆపి మేనేజర్‌కు చెప్పండి. ఆర్వో వదిలేసిన నీళ్లలో ఉప్పు ఎక్కువ. వాటిని నేల తుడవడానికి వాడి, లాన్‌కు దూరంగా ఉంచండి. వాషింగ్ మిషన్ నీళ్లలో సబ్బు ఉంటుంది, అదీ వద్దు. ఏసీ నుంచి కారే నీళ్లు కుండీలకు చాలు.

నీళ్లు నిజంగా కొద్దిగా ఉంటే ముందు చెట్లకు ఇవ్వండి. కానుగ, వేప పోతే మళ్లీ ఆ నీడ రావడానికి ఏళ్లు పడుతుంది. మొదలు దగ్గర కాకుండా కొమ్మల చివర్ల కింద తడపండి. లాన్‌లో చచ్చిన చోట్ల జూన్, జులై వానల్లో గరిక పిలకలు నాటుకోవచ్చు. గడ్డి పచ్చబడ్డాకే ఎరువు వేయండి.

ఆంక్షలు వచ్చేదాకా ఆగకండి. ఈ వారమే బకెట్‌తో మీ పైపు లెక్క తీసి, దాన్ని ముందు పెట్టుకుని మేనేజర్‌తో కూర్చోండి.