బ్యాంకు త్రైమాసిక లెక్కలు: గణక విధానములు, అంచనాలు

వ్యాపార సంస్థ జీవితము ఎడతెగక సాగునది. లెక్కల సౌకర్యము కొరకే మనము దానిని సంవత్సరములుగా ఖండించుచున్నాము. ఆ సంవత్సరమును మరల మూడేసి నెలల భాగములుగా విడదీసి ప్రకటించునవి మధ్యకాలిక ఆర్థిక నివేదికలు. స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైన బ్యాంకులు త్రైమాసికము ముగిసిన 45 దినములలోగా ఫలితములను ప్రకటింపవలెనని 2015 నాటి సెబీ నిబంధనలు విధించుచున్నవి. వార్షిక లెక్కలకు 60 దినముల గడువును, పూర్తి ఆడిటును కలవు. త్రైమాసికమునకు ఆడిటర్లు చేయునది పరిమిత సమీక్ష మాత్రమే. కాలము తక్కువ, పరిశీలన తక్కువ. కావున అంచనాల పాలు ఎక్కువ.

గణక విధానము వేరు, అంచనా వేరు. ఏ సూత్రము ననుసరించి లెక్క వ్రాయవలెనో చెప్పునది విధానము. ఆ సూత్రమును నాటి పరిస్థితికి అన్వయించి ఒక అంకెను నిర్ణయించునది అంచనా. అప్పుపై వడ్డీని, అది చేతికి రాకపూర్వమే, కాలము గడచిన కొలది ఆదాయముగా చూపుట విధానము. తాకట్టు ఆస్తి విలువ ఎంత, మొండి బాకీలో రాదగినది ఎంత అనునవి అంచనాలు. జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తీ అను మాటలు ఉర్దూ చదువుకొనిన వానికిని, తెలుగు చదువుకొనిన వానికిని సమానముగా సొంతమైనవి. బ్యాంకు లాభనష్టాల ఖాతాలో జమపడిన వడ్డీ అంతయు వసూలైన వడ్డీ కాదు. ఈ రెండు మాటల నడుమనున్న దూరమే మన ప్రస్తుత విషయము.

చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వారి 25వ గణక ప్రమాణము ఈ విషయమున స్పష్టముగా ఉన్నది. వార్షిక లెక్కలలో ఏ విధానములు పాటింతురో త్రైమాసికములోను అవియే పాటింపవలెను. సంవత్సరము నడుమ విధానము మారినచో, ఆ సంవత్సరపు గత త్రైమాసికముల అంకెలను కూడ సవరించి చూపవలెను. అంచనా మారినచో వెనుకకు పోనక్కరలేదు. మారిన త్రైమాసికములోనే దాని ఫలితము కనబడును. విధానమును మార్చి దానికి అంచనా యని పేరు పెట్టుటకు సందు ఇచ్చటనే కలదు. నివేదికను చదువువాడు మొదట చూడవలసిన చోటు ఇదియే యని నా అభిప్రాయము.

మన డెల్టా నుండియే ఒక ఉదాహరణమును తీసికొందము. అమలాపురము ప్రాంతపు రైతు సార్వా పంటకై జులై 1న లక్ష రూపాయలు 7 శాతము వడ్డీకి తీసికొనెననుకొనుడు. సెప్టెంబరు 30 నాటికి 92 దినములకు వడ్డీ సుమారు 1,764 రూపాయలు. పంట ఇంకను చేలోనే ఉన్నది. రైతు చేతికి పైకము రాలేదు. అయినను బ్యాంకు ఆ మొత్తమును ఆ త్రైమాసిక ఆదాయములో చేర్చును. ఇందు దోషము లేదు.

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను కోనసీమలో కొబ్బరితోటలను, కోతకు రానున్న వరిని నేలమట్టము చేసినది. అటువంటి తుపాను అదే తేదీన నేడు వచ్చెననుకొందము. సెప్టెంబరు ఫలితములను ప్రకటించుటకు నవంబరు 14 వరకు గడువు ఉన్నది. డైరెక్టర్లు సమావేశమగునాటికి పైరు పోయిన సంగతి ఎల్లరకు తెలిసియే ఉండును. ఆ 1,764 రూపాయలను కొట్టివేయవచ్చునా? వీలు లేదు. సెప్టెంబరు 30న పైరు నిలిచియే ఉన్నది. నష్టము తరువాతి త్రైమాసికమునకు చెందినది. సంఘటన పెద్దదైనచో దానిని గమనికలో తెలుపవలెను. దీనికి భిన్నముగా, ఒక రైసు మిల్లు యజమాని సెప్టెంబరు నాటికే దివాలా తీసి, ఆ సంగతి అక్టోబరులో బయటపడినచో, సెప్టెంబరు అంకెలనే సవరింపవలెను. తెలిసిన తేదీ ముఖ్యము కాదు, స్థితి ఉన్న తేదీ ముఖ్యము.

ఇక కేటాయింపుల సంగతి. సక్రమమైన వ్యవసాయ ఋణముపై రిజర్వు బ్యాంకు విధించిన కేటాయింపు 0.25 శాతము; అనగా లక్షకు 250 రూపాయలు. అదే ఋణము నిరర్థకమైనచో, హామీ ఉన్న బాకీకి మొదటి దశలోనే 15 శాతము, అనగా 15,000 రూపాయలు. వసూలు కాని పాత వడ్డీని కూడ వెనుకకు తీసివేయవలెను. సాధారణ ఋణము 90 దినములు మించి బకాయి పడినచో నిరర్థకమగును. స్వల్పకాలిక పంట ఋణమునకు రెండు పంట కాలముల వ్యవధి కలదు. ఈ సడలింపు రైతుకు న్యాయమే. అయితే పంటపోయిన దెబ్బ బ్యాంకు లెక్కలలో కనబడుటకు అనేక త్రైమాసికములు పట్టును. నష్టమును ముందుగానే ఊహించి కేటాయించు పద్ధతిని 2027 ఏప్రిల్ 1 నుండి అమలు పరచవలెనని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరులో ప్రతిపాదించినది. అప్పుడు అంచనా బరువు మరింత హెచ్చును.

పెద్ద అంకెలలో ఇది ఎట్లుండునో ఆంధ్రా బ్యాంకు చరిత్ర చూపును. గుండుగొలనులో పుట్టిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఈ బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయమైనది. 2017-18లో మొదటి త్రైమాసికమున సుమారు 40 కోట్ల లాభము; రెండవదానిలో 385 కోట్లు, మూడవదానిలో 532 కోట్లు నష్టము. నాల్గవదానిలో 2,536 కోట్ల నష్టము! సంవత్సరపు మొత్తము నష్టము 3,413 కోట్లు. అందు నాల్గింట మూడు వంతులు చివరి మూడు నెలలలోనే కనబడినవి. ఆ అప్పులన్నియు ఆ మూడు నెలలలోనే చెడలేదు గదా! 2018 ఫిబ్రవరి 12న రిజర్వు బ్యాంకు పాత ఋణ పునర్వ్యవస్థీకరణ పథకములను రద్దు చేసినది. వాని నీడలో నిలిచిన పెద్ద ఖాతాలు బయటపడగా, ప్రభుత్వ బ్యాంకులలో కేటాయింపులు ఒక్కసారిగా పెరిగినవి. ఆ ఉత్తరువును సుప్రీంకోర్టు 2019 ఏప్రిల్ 2న కొట్టివేసినది గాని, వ్రాసిన నష్టములు వ్రాసినట్లే ఉన్నవి.

విద్యార్థులు మరొక సంగతి గమనింపవలెను. చివరి త్రైమాసికపు అంకె సాధారణముగా విడిగా ఆడిటైనది కాదు. ఆడిటైన వార్షికపు అంకె నుండి సమీక్షింపబడిన తొమ్మిది నెలల అంకెను తీసివేయగా మిగిలినదే అది. ముందు త్రైమాసికములలో తక్కువగా వేసిన అంచనాల శేషమంతయు అందులోనికే వచ్చి చేరును. అట్టి పెద్ద మార్పు జరిగినచో వార్షిక లెక్కల గమనికలలో దాని స్వభావమును, మొత్తమును తెలుపవలెనని పైన చెప్పిన ప్రమాణము ఆదేశించుచున్నది.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. డెల్టా శాఖల సార్వా, దాళ్వా బాకీలు నేడు ముంబయి ప్రధాన కార్యాలయపు త్రైమాసిక పట్టికలో కలిసియున్నవి. అందు ట్రెజరీ, కార్పొరేటు, రిటైలు, ఇతర బ్యాంకింగు అను విభాగములు కలవు గాని, వ్యవసాయమునకు వేరు గడి లేదు. వ్యవసాయ ఋణములు ఎన్ని, అందు నిరర్థకమైనవి ఎంత శాతము అని తెలియగోరువారు వార్షిక నివేదికలో విధానములు వ్రాసిన 17వ షెడ్యూలును, గమనికలు వ్రాసిన 18వ షెడ్యూలును తెరచి చూడవచ్చును.