ఆ సర్వనామం ఎవరి తరఫున వచ్చింది?



నామవాచకానికి బదులుగా వాడే మాట సర్వనామం అని మీరంతా చిన్న తరగతుల్లోనే చదువుకున్నారు. ఒకే పేరును పదేపదే చెప్పకుండా తెలుగులో ‘అతడు, ఆమె, అది, వారు’ అంటాం. ఇంగ్లీషులో ‘హీ, షీ, ఇట్, దే’ అంటాం. ఇంతవరకు తేలికే. అయితే సర్వనామం ఏ పేరుకు బదులుగా వచ్చిందో ఆ పేరుతో లింగంలోనూ వచనంలోనూ కుదరాలి. ఈ కుదిరే పద్ధతి ఒక్కో భాషలో ఒక్కో రకం.

సోనారిలో ఉండే తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడతారు. ఒక భాష నియమం తెలియకుండానే ఇంకో భాషలోకి జారుకుంటుంది. బదిలీల మీద నేను ఎన్నో ఊళ్ళు తిరిగాను. ఎక్కడ చూసినా తెలుగు పిల్లల నోటుపుస్తకాల్లో దాదాపు ఇవే తప్పులు. వాటిని చూసి కొందరు పెద్దవాళ్ళు, ‘ఇంట్లో తెలుగు మానేస్తేగాని ఇంగ్లీషు బాగుపడదు’ అంటుంటారు. ఆ మాట ఎంతవరకు నిజమో పాఠం అయ్యాక మీరే చెప్పండి.

1. ‘హిజ్’, ‘హర్’ ఎవరిని చూసి రాయాలి?

‘రవి అండ్ హర్ మదర్ కేమ్’ అని రాసేవాళ్ళున్నారు. రవి మగపిల్లవాడు కదా, ‘హర్’ ఎలా వచ్చింది? హిందీ నుంచి వచ్చింది. హిందీలో ‘ఉస్కా, ఉస్కీ’ అనేవి తర్వాత వచ్చే మాటను బట్టి మారతాయి. తల్లి స్త్రీలింగం కాబట్టి రవి తల్లి అయినా ‘ఉస్కీ మా’. తమ్ముడు పుంలింగం కాబట్టి సీత తమ్ముడు అయినా ‘ఉస్కా భాయీ’. ఇంగ్లీషులో ఎవరికి చెందిందో వారిని చూడాలి. రవి తల్లి ‘హిజ్ మదర్’, సీత తమ్ముడు ‘హర్ బ్రదర్’.

తెలుగులో ఏమంటాం? ‘అతని తల్లి’, ‘ఆమె తమ్ముడు’. అంటే తెలుగు ఇక్కడ ఇంగ్లీషు దారిలోనే నడుస్తోంది. అనుమానం వస్తే తెలుగులో అనుకోండి. ‘అతని’ అయితే ‘హిజ్’, ‘ఆమె’ అయితే ‘హర్’.

2. గౌరవానికి బహువచనం

‘మా తాతగారు ఊరి నుంచి వచ్చారు. వారు రేపు వెళ్తారు.’ తెలుగులో ఇది చక్కని వాక్యం. దీన్నే ‘మై గ్రాండ్‌ఫాదర్ హాజ్ కమ్. దే విల్ గో టుమారో’ అని రాస్తే చదివేవాళ్ళు, ‘వచ్చింది ఒక్కరే కదా, వెళ్ళేది ఎంతమంది?’ అని అడుగుతారు. తెలుగులో వాడు, అతడు, ఆయన, వారు అని మర్యాదకు మెట్లున్నాయి. ఇంగ్లీషులో తాతగారికీ ‘హీ’, చంటిపిల్లవాడికీ ‘హీ’. అది అమర్యాద కాదు, ఆ భాష పద్ధతి. మనిషి ఒక్కరైతే ‘హీ’ లేదా ‘షీ’ అని రాయండి.

3. వచ్చింది ఎవరు?

తెలుగులో సర్వనామం చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. ‘అక్క ఏది?’ అంటే ‘ఇప్పుడే వచ్చింది’ అంటాం. మన వ్యాకరణంలో ఏకవచనంలో ఆడవారికీ, వస్తువులకూ, జంతువులకూ క్రియ ఒకటే. అక్క వచ్చింది, బస్సు వచ్చింది, ఆవు వచ్చింది. బహువచనంలో మాత్రం ఆడవాళ్ళు మగవాళ్ళతో కలుస్తారు. అక్కలు వచ్చారు, అన్నలు వచ్చారు, బస్సులు వచ్చాయి. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘వచ్చింది’ను మాత్రమే చూస్తే ‘ఇట్’ రాసే ప్రమాదం ఉంది. ముందు కర్త ఎవరో వెతికి, తర్వాత ‘షీ’ కావాలో ‘ఇట్’ కావాలో తేల్చుకోండి.

4. పాలు పొంగాయి, కత్తెర పోయింది

తెలుగులో పాలు, నీళ్ళు, బియ్యం బహువచనాలు. పాలు పొంగాయి, నీళ్ళు వచ్చాయి, బియ్యం అయిపోయాయి అంటాం. బదిలీ అయినప్పుడు లారీలో సామాన్లు వస్తాయి. ఇంగ్లీషులో మిల్క్, వాటర్, రైస్, లగేజ్ లెక్కపెట్టని మాటలు. వాటికి ‘ఇట్’ రావాలి. ‘ద లగేజ్ హాజ్ కమ్. కీప్ ఇట్ ఇన్‌సైడ్.’

దీనికి తిరగబడినవీ ఉన్నాయి. తెలుగులో కత్తెర, కళ్ళజోడు, ప్యాంటు ఒక్కొక్కటే. ఇంగ్లీషులో సిజర్స్, స్పెక్టకిల్స్, ట్రౌజర్స్ బహువచనాలు. ‘వేర్ ఆర్ మై సిజర్స్? దే వర్ ఆన్ ద టేబుల్.’

5. ‘ఈచ్’, ‘ఎవ్రీ’

‘ఈచ్ ఆఫ్ ద గర్ల్స్’ అన్నప్పుడు గర్ల్స్‌ను చూసి మోసపోకండి. అసలు మాట ‘ఈచ్’, అంటే ఒక్కొక్కరు. అందుకే ‘ఈచ్ ఆఫ్ ద గర్ల్స్ హాజ్ బ్రాట్ హర్ టిఫిన్’. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఉంటే? తెలుగులో ‘ప్రతి విద్యార్థి తన పుస్తకం తేవాలి’ అంటే సరిపోతుంది. ‘తన’కు లింగం లేదు. ఇంగ్లీషులో ‘హిజ్ ఆర్ హర్ బుక్’ అనడం పాత పద్ధతి. ఈ రోజుల్లో ‘దెయిర్ బుక్’ కూడా విరివిగా వాడుతున్నారు. పరీక్షలో ఏ పేచీ రాకుండా ‘ఆల్ స్టూడెంట్స్ మస్ట్ బ్రింగ్ దెయిర్ బుక్స్’ అని రాయండి.

6. ఇద్దరిలో ఎవరు?

లింగం, వచనం కుదిరినా అర్థం తేలని వాక్యాలుంటాయి. మన సోనారిలోని దోముహానినే తీసుకోండి. ‘ద ఖర్కాయి మీట్స్ ద సువర్ణరేఖ ఎట్ సోనారి. ఇట్ ఫ్లోస్ ఇన్‌టు ద బే ఆఫ్ బెంగాల్.’ బంగాళాఖాతంలో కలిసేది ఏ నది? ‘ఇట్’ రెండు నదులకూ సరిపోతుంది. కలిసేది సువర్ణరేఖ కాబట్టి ఆ పేరే మళ్ళీ రాయాలి.

ఇంకొకటి. 1919లో లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెట్జీ టాటా పేరు పెట్టారు. ఆ వెంటనే ‘హీ హాడ్ డైడ్ ఇన్ 1904’ అని రాస్తే, పోయినవారే పేరు పెట్టారా అనిపిస్తుంది. 1904లో కన్నుమూసినది జంషెట్జీ. అలాంటి చోట పేరు రాయడమే మేలు.

మీ ఇంట్లో వినిపించే మాట కూడా చూడండి. ‘మై ఫాదర్ టోల్డ్ మై అంకుల్ దట్ హీ హాడ్ బీన్ ట్రాన్స్‌ఫర్డ్.’ బదిలీ ఎవరికి? పెట్టెలు సర్దుకోవలసింది మీరా, బాబాయి పిల్లలా? తెలుగులో ‘నాన్న బాబాయితో తనకు బదిలీ అయిందని చెప్పారు’ అంటే తికమక లేదు. ‘తన’ కర్తనే పట్టుకుంటుంది. ఇంగ్లీషు వాక్యాన్ని ‘మై ఫాదర్ సెడ్ టు మై అంకుల్, ఐ హావ్ బీన్ ట్రాన్స్‌ఫర్డ్’ అని మార్చండి.

‘వుయ్’ సంగతి కూడా ఇంతే. ‘వుయ్ ఆర్ గోయింగ్ టు జూబిలీ పార్క్’ అంటే వినేవాడు కూడా రావచ్చా? హిందీ ‘హమ్’ కూడా ఆ సంగతి చెప్పదు. తెలుగులో వినేవాడిని కలుపుకుంటే ‘మనం’, వదిలేస్తే ‘మేము’. మన చుట్టుపక్కల మాట్లాడే సంతాలీలోనూ ఈ తేడా ఉంది: ‘అబో’ అంటే మనం, ‘అలె’ అంటే మేము. అంతేకాదు, ఇద్దరే ఉంటే సంతాలీలో వేరే మాటలున్నాయి. మీ తరగతిలో సంతాలీ తెలిసిన స్నేహితులుంటే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ‘హిజ్, హర్’ విషయంలో తెలుగు మనకు దారి చూపింది. ‘తన’, ‘మనం’, ‘మేము’ అనే మాటలు ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ అర్థం తేలడం లేదో పట్టి ఇచ్చాయి. పాలు, తాతగారు దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. అందుకు తెలుగును మానేయక్కర్లేదు, తేడా తెలుసుకుంటే చాలు.

అభ్యాసం: సరిచేసి రాయండి.

అ) లత లవ్స్ హిజ్ బ్రదర్.
ఆ) మై ఫాదర్ ఈజ్ ఇన్ ద ఆఫీస్. దే విల్ కమ్ ఎట్ సిక్స్.
ఇ) ద వాటర్ ఈజ్ డర్టీ. డోంట్ డ్రింక్ దెమ్.
ఈ) మై స్పెక్టకిల్స్ ఆర్ న్యూ. ఇట్ ఈజ్ కాస్ట్లీ.
ఉ) దోరాబ్జీ వాజ్ జంషెట్జీస్ సన్. హీ డైడ్ ఇన్ 1904.

జవాబులు: అ) తమ్ముడు లతకు చెందినవాడు కాబట్టి ‘హర్ బ్రదర్’. ఆ) ‘హీ విల్ కమ్’. ఇ) ‘డోంట్ డ్రింక్ ఇట్’. ఈ) ‘దే ఆర్ కాస్ట్లీ’. ఉ) ‘హీ’ బదులు ‘జంషెట్జీ’ అని పేరు రాయాలి.