కాలేజీ మాన్పించడం సాయమేనా? టీనేజీ ఆందోళన, కుంగుబాటులో తల్లిదండ్రుల పాత్ర

ఉదయం ఏడున్నర. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి కడుపునొప్పి అంటూ మంచం దిగదు. డాక్టరుకు చూపిస్తే కడుపులో ఏ దోషమూ లేదన్నారు. 'సరే, ఈ ఒక్కరోజుకి మానెయ్యమ్మా' అంటుంది తల్లి. కాసేపటికే నొప్పి తగ్గుతుంది. మర్నాడు మళ్లీ అదే కథ. నెల తిరిగేసరికి కాలేజీ పేరెత్తితేనే ఆ పిల్లకు చెమటలు పడతాయి.

ఇలాంటి ఇళ్లు చాలానే ఉంటాయి. ఆ పిల్ల నటించడం లేదు. తల్లి ప్రేమలోనూ లోపం లేదు. అయినా భయం ఎందుకు పెరుగుతోంది?

తప్పించుకున్నకొద్దీ పెరిగే భయం

ముప్పు ఉందని అనిపించగానే మెదడులోని అమిగ్డాలా శరీరాన్ని అప్రమత్తం చేస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది. ఆందోళనలో వచ్చే కడుపునొప్పి నిజమైన నొప్పే. కాలేజీకి వెళ్లనక్కర్లేదనగానే ఈ హడావుడి సద్దుమణుగుతుంది. ఆ ఉపశమనంతోపాటే 'వెళ్లకపోవడం వల్లే క్షేమంగా ఉన్నాను' అనే పాఠాన్ని మెదడు నేర్చుకుంటుంది. భయపడిన పరిస్థితిలో కాసేపు నిలబడితే అది తట్టుకోగలిగినదేనని తెలుసుకునే అవకాశం మాత్రం చేజారిపోతుంది.

యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలై లెబోవిట్జ్ బృందం 2020లో ఈ అంశంపై ఒక అధ్యయనం ప్రచురించింది. ఆందోళన సమస్యలున్న 7 నుంచి 14 ఏళ్ల పిల్లలు 124 మందిని రెండు బృందాలు చేశారు. ఒక బృందంలో పిల్లలకు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఇచ్చారు. రెండో బృందంలో తల్లిదండ్రులకు మాత్రమే శిక్షణ ఇచ్చారు. రెండు పద్ధతులూ దాదాపు సమానంగా పనిచేశాయి.

ఆ శిక్షణలో ముఖ్యమైనవి రెండు. భయాన్ని కొట్టిపారేయకుండా గుర్తించి, తట్టుకోగలవన్న నమ్మకం కలిగించడం మొదటిది. భయానికి లొంగి చేస్తున్న సర్దుబాట్లను కొద్దికొద్దిగా తగ్గించడం రెండోది. 'నీకు భయంగా ఉందని తెలుసమ్మా. కష్టమే, అయినా తట్టుకోగలవు. ఇవాళ మొదటి రెండు క్లాసులకు వెళ్లిరా' అనడం ఈ కోవలోకి వస్తుంది. 'ఇదీ ఒక భయమేనా?' అని ఎద్దేవా చేయడం, బలవంతంగా ఈడ్చుకెళ్లడం రావు. అయితే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. కాలేజీలో వేధింపులు, దెబ్బలు వంటివి ఉంటే ఆ పిల్ల భయానికి కారణం ఉన్నట్టే. అప్పుడు మార్చాల్సింది అక్కడి పరిస్థితిని.

విసుగు వెనుక కుంగుబాటు

నిమ్హాన్స్ 2015-16లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13-17 ఏళ్లవారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. ఆందోళన, కుంగుబాటు తరచూ జంటగా వస్తాయి. పెద్దల్లో కుంగుబాటు అంటే దిగులు గుర్తొస్తుంది. టీనేజీలో అది చిరాకుగా, కోపంగా బయటపడవచ్చు. కాబట్టి 'పొగరు' అనో 'బద్ధకం' అనో ముద్ర వేసేస్తారు. ఇష్టమైన ఆటలు, స్నేహితులపై ఆసక్తి పోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, చదువుపై దృష్టి నిలవకపోవడం వంటి లక్షణాలు రెండు వారాలకు మించి కొనసాగితే వైద్యులను కలవాలి.

ఈ వయసులో నిద్ర హార్మోను మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. కాబట్టి ఆలస్యంగా నిద్రపట్టడం ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు. కుంగుబాటులో ఉన్నవారు ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడదామనుకుంటే అది ఎప్పటికీ రాకపోవచ్చు. సాయంత్రం పావుగంట కలిసి నడవడం, వంటింట్లో చిన్న పని వంటివి ముందు మొదలైతే ఉత్సాహం మెల్లగా వెనకే రావచ్చు.

అడిగితే ఆ ఆలోచన పుడుతుందా?

ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. పరిశోధనల్లో అలాంటి ఆధారం కనిపించలేదు. 'చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?' అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. జవాబు అవునైతే తిట్టకూడదు, ఒట్టు వేయించుకోకూడదు. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం అందించాలి. పురుగుమందులు, మాత్రలు అందకుండా తీసేయాలి. ఆ ఉద్ధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు సాధనం అందకపోతే ప్రాణం నిలవవచ్చు.

చికిత్స

తీవ్రతను బట్టి వైద్యులు థెరపీ, మందులు లేదా రెండూ సూచిస్తారు. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. తొలి వారాల్లో కొందరు పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లో హెచ్చరించింది. అందుకే మొదట్లో దగ్గరుండి గమనించాలి. తగ్గిందని సొంతంగా ఆపేయకూడదు.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలే కాదు, ఏం చేయాలో పాలుపోని తల్లిదండ్రులూ ఆ సాయం తీసుకోవచ్చు.