ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకుండానే కారు అప్పగిస్తే?

ప్రశ్న: హారన్ మోగడం లేదని కారు సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాను. స్టీరింగ్ విప్పి బాగుచేశారు. ఇంటికి తెచ్చుకున్న మర్నాటి నుంచి ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఎర్రగా వెలుగుతూనే ఉంది. అడిగితే "బండి నడుస్తోంది కదండీ, నాలుగు రోజులు తిరిగితే అదే పోతుంది" అంటున్నారు. పని తృప్తికరంగా ఉందని డెలివరీ కాగితం మీద నా సంతకం కూడా తీసుకున్నారు. ఇప్పుడు నాకు హక్కేమైనా మిగిలిందా?

జవాబు: హక్కు మిగిలే ఉంది. లైటు మాత్రం దానంతట అది పోతుందని ఎదురుచూడకండి. హారన్ తీగ, ఎయిర్‌బ్యాగ్ తీగ రెండూ స్టీరింగ్ వెనకున్న క్లాక్ స్ప్రింగ్ అనే చుట్ట గుండానే వెళతాయి. దాన్ని ముట్టుకోవాలంటే ఎయిర్‌బ్యాగ్‌ను ఊడదీయాలి. పద్ధతిగా చేసే మెకానిక్ ముందు బ్యాటరీ నెగిటివ్ తీస్తాడు, కంపెనీ మాన్యువల్ చెప్పినంత సేపు ఆగుతాడు, ఆ తర్వాతే పసుపురంగు కనెక్టర్ మీద చెయ్యి వేస్తాడు. అంతా బిగించాక బ్యాటరీ కలిపేటప్పుడు సీట్లో ఎవరినీ కూర్చోనివ్వడు. చివర్లో స్కానర్ పెట్టి లోపాల కోడ్‌లు మిగిలాయేమో చూస్తాడు. ఇగ్నిషన్ ఆన్ చేయగానే లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే వ్యవస్థలో లోపం ఉన్నట్టే, ప్రమాదంలో బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. అసలు వెలగనే వెలగకపోతే మరింత అనుమానించాలి. ఫిర్యాదు రాకుండా లైటు తీగే తీసేసే ఘనులున్నారు. ఇంకొందరు బ్యాగ్ బదులు చిన్న రెసిస్టర్ పెడతారు. అప్పుడు లైటు బుద్ధిగా వెలిగి ఆరుతుంది గానీ బ్యాగ్ ఉండదు.

మీరు డబ్బిచ్చి చేయించుకున్న పనిలో నిర్లక్ష్యం ఉంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(11) ప్రకారం అది సేవాలోపం. మీరు పెట్టిన సంతకాన్ని అవతలివాళ్లు వినియోగదారుల కమిషన్ ముందు తప్పకుండా చూపిస్తారు. కానీ గేటు దగ్గర హడావిడిగా పెట్టిన సంతకం, లోపల కనెక్టర్ సరిగ్గా కూర్చుందని మీరిచ్చిన హామీ కాదు. అది మీకు కనిపించేదీ కాదు, తెలిసేదీ కాదు.

ఎయిర్‌బ్యాగుల విషయంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో చెప్పిన తీర్పు గుర్తుంచుకోదగ్గది. 2015లో కొన్న హ్యుందాయ్ క్రెటా 2017లో ప్రమాదానికి గురైనప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఢిల్లీ రాష్ట్ర కమిషన్ 3 లక్షల పరిహారం ఇవ్వమంది, కారు కూడా మార్చివ్వమంది. సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వేగం, బలం లెక్కలు కట్టి ఢీకొన్న తీవ్రతను అంచనా వేయడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కాడని స్పష్టంగా చెప్పింది. అది తయారీ కంపెనీ మీద వేసిన కేసు, మీది సర్వీస్ సెంటర్ మీద. తేడా ఉంది. బ్యాగ్ పనిచేయకపోవడానికి కారణం వాళ్ల చేతిపనే అని మీరు చూపగలగాలి.

అందుకే కాగితం ముఖ్యం. లైటు వెలుగుతుండగా, కిలోమీటర్ల అంకె కూడా కనిపించేలా వీడియో తీయండి. కారు మళ్లీ తీసుకెళ్లినప్పుడు "ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు" అని జాబ్ కార్డులో రాయించండి. వీలైతే అంతకన్నా ముందే మరో అధీకృత వర్క్‌షాపులో స్కాన్ చేయించి రిపోర్టు తీసుకోండి. ముందు కోడ్ చెరిపేసి తర్వాత చూస్తామంటే ఒప్పుకోవద్దు, చెరిపేస్తే మీ సాక్ష్యమే పోతుంది. బిల్లు ఇవ్వనంటే వినియోగదారుల చట్టం సెక్షన్ 2(47) కింద అదీ అనుచిత వ్యాపార పద్ధతే. మీరే స్టీరింగ్ విప్పి చూడాలనుకోకండి. అందులో పేలుడు గుళిక ఉంటుంది, పైగా "మీరే పాడుచేశారు" అనే జవాబు వాళ్ల చేతికి ఇచ్చినట్టవుతుంది.

తర్వాత రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఉచితంగా సరిచేయాలని, స్కాన్ రిపోర్టు ఇవ్వాలని, గడువు పెట్టి అడగండి. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే చాలాసార్లు పని అక్కడే అవుతుంది. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కారు ఎక్కడ సర్వీస్ చేయించినా, మీరు ఉండే ఊరి జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ట్యాక్సీ నడిపేవాళ్లను "వాణిజ్య వాడకం" అని తోసిపుచ్చాలని చూస్తారు గానీ, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం నడుపుకునే వారికి చట్టంలోనే మినహాయింపు ఉంది.

ప్రమాదంలో బ్యాగ్ ఒకసారి తెరుచుకున్న కార్ల సంగతి వేరు. మామూలు పాలసీలో బీమా కంపెనీ ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగుదల కోస్తుంది, జీరో డెప్ ఉంటే ఆ కోత ఉండదు. బిల్లులో కొత్త బ్యాగు, కంట్రోల్ మాడ్యూల్ పార్ట్ నంబర్లు ఉన్నాయో లేదో చూడండి. కొత్తది వేశామని బిల్లు వేసి వేయకపోతే అది సేవాలోపంతో ఆగదు, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసు అవుతుంది. పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చు.

తేలేదాకా కారు నడపవచ్చా అని మీరు అడగలేదు గానీ చెప్పాలి. లోపం ఉందని తెలిసీ బండిని రోడ్డెక్కిస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190 యజమానిని ప్రశ్నిస్తుంది. కారు ఆపి, ఆ రోజుల్లో ఆటోకో క్యాబ్‌కో అయిన ఖర్చు రసీదులు దాచుకుని, పరిహారంలో కలిపి అడగండి.