ఆటలో వేదపాఠము

మన రాచర్ల ప్రాంతపు పిల్లలకు గొఱ్ఱెల మంద క్రొత్త కాదు. నీటియొద్ద రెండు మందలు కలిసిపోయినను, కాపరి కేక వేయగానే ఎవరి జీవములు వారివెంట నడచుట వారెఱిగినదే. అయినను యోహాను సువార్త 10వ అధ్యాయమును వల్లె వేయునప్పుడు ఈ సంగతి వారికి తోచదు. పదునాలుగు, పదునైదేండ్లవారికి వల్లించుట విసుగు. చదువున వెనుకబడినవానికి సిగ్గు కూడ. కావున ఈ పాఠమును ఆటస్థలమునకు తీసికొనిపోవలెనని మా అభిప్రాయము.

తరగతిని నాలుగు మందలుగా విభజించి, ఒక్కొక్క మందకు ఒక కాపరిని నియమింపవలెను. తక్కినవారందఱు కండ్లకు గంతలు కట్టుకొని నడుమ కలిసిపోవుదురు. కాపరులు నాలుగు మూలల నిలిచి, ఒక్కసారిగా తమవారిని పేరు పేరున పిలువవలెను. ఊరక "ఇటు రండి" అనరాదు. ఏలయన 3వ వచనములోని కాపరి పేరు పెట్టియే పిలుచును. గొంతు పెద్దదైనవాడే గెలుచునని పిల్లలు తలంతురు. కాని దినదినము కూడి తిరుగు స్నేహితుని మెల్లని పిలుపే తఱచుగా ముందు చెవిని బడును. రెండవమాఱు ఒక కాపరి స్వరమును మఱియొకనిచే అనుకరింపజేసినచో 5వ వచనము బోధపడును.

ముండ్లు, రాళ్లు లేని చోటు చూచుకొనవలెను, పరుగెత్తనీయరాదు. పది నిమిషములు చాలును. పిమ్మట చెట్టునీడను రెండే ప్రశ్నలు: ఏ స్వరమును గుర్తించితివి? ఎట్లు గుర్తించితివి? కడపట మిగిలినవానిని ఎగతాళి చేయనీయరాదు. కాపరియే వెళ్లి, వాని చేయి పట్టుకొని తోడి తేవలెను. లూకా 15వ అధ్యాయమును మఱునాడు చెప్పవచ్చును.