ఇంగ్లిష్ ఉచ్చారణ: అ ఆ ఇ ఈల దగ్గరే మొదలుపెట్టండి

డిగ్రీలో ఫొనెటిక్స్ పేపరు తెరవగానే కనిపించే కొత్త గుర్తులకు బెదిరిపోకండి. ఆ శాస్త్రంలో తొలి పాఠం మీకు పలకా బలపం నాడే అయిపోయింది. మన క, చ, ట, త, ప వర్గాలు గొంతు దగ్గర మొదలై పెదవుల దాకా వస్తాయి. ఫొనెటిక్స్ పట్టిక పెదవుల నుంచి గొంతుకు వెళ్తుంది, అంతే తేడా.

1. గుర్తులు నేర్చుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు 26. మన కాలేజీల్లో ఎక్కువగా చెప్పే బ్రిటిష్ ఉచ్చారణలో ధ్వనులు 44: అచ్చులు 20, హల్లులు 24. రోజుకు నాలుగు చొప్పున 11 రోజుల పని. ఒక్కో గుర్తు పక్కన ఒక్కో మాట రాసుకోండి.

2. నాలుక ఎక్కడుందో చూసుకోండి. 'త' అంటే నాలుక కొన పై పళ్లను తాకుతుంది. 'ట' అంటే వెనక్కి మడిచి అంగిలిని తాకుతుంది. ఇంగ్లిష్‌లో 'టీ' మొదటి ధ్వని ఈ రెంటికీ నడుమ, పై పళ్ల వెనకున్న చిగురు మీద పుడుతుంది. 'థింక్' అనేటప్పుడు నాలుకను పళ్లకు అంటీ అంటనట్టు ఉంచి గాలి వదలండి. గాలిని పూర్తిగా ఆపితే అది మన 'థ' అయిపోతుంది.

3. అద్దం ముందు నిలబడండి. ద్రాక్ష తీగకూ ద్రాక్ష సారాయికీ ఉన్న ఇంగ్లిష్ మాటలు రెంటినీ మనం 'వైన్' అనే రాస్తాం. తీగకు పై పళ్లు కింది పెదవిని తాకాలి. సారాయికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, పళ్లు తగలకూడదు.

4. గొంతు మీద వేలు పెట్టండి. 'క్యాట్స్' చివర గొంతు అదరదు. 'డాగ్స్' చివర అదే అక్షరం రాసినా ధ్వని గొంతులో మోగాలి.

5. హల్లు దగ్గర ఆగండి. తెలుగు మాట అచ్చుతో ముగియడానికి ఇష్టపడుతుంది. అందుకే బస్సు, కారు, రోడ్డు అంటాం. తెలుగులో అది అందమే. ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చివరి 'ఉ' వదిలేయండి. అలాగే మాట మొదట్లో, 'ఎగ్' ముందు 'య', 'ఓన్లీ' ముందు 'వ' చేరనివ్వకండి.

6. ఊనిక (స్ట్రెస్) పట్టుకోండి. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద, 'ఫొటాగ్రఫీ'లో రెండోదాని మీద, 'ఫోటోగ్రాఫిక్'లో మూడోదాని మీద పడుతుంది. ఊనిక తప్పిన అచ్చు చాలాచోట్ల నలిగి పొట్టి 'అ'గా మిగులుతుంది. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలకడం అలవాటు కనుక మనకు కష్టం ఇక్కడే. బ్రిటిష్ నిఘంటువుల్లో ఊనిక పడే అక్షరం ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. అక్కడ చప్పట కొడుతూ చదవండి.

7. రికార్డు చేయండి. నిఘంటువు ఆప్‌లో మాట విని, వెంటనే మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసి పోల్చుకోండి. రోజుకు పది మాటలు చాలు. తొలిరోజు రికార్డును చెరిపేయకండి. నెల తర్వాత దాన్ని వింటే, ఏ ధ్వని దారికొచ్చిందో, దేనికి ఇంకా సాధన కావాలో మీ చెవే చెబుతుంది.