వెబ్ అనువర్తనమును స్వంత కంప్యూటరుపై సిద్ధపరచుకొనుట

నేటి విద్యార్థులు ఫోనునందు పరీక్షాఫలితములను చూచుటయు, రైలు టికెట్టు కొనుటయు ఎరుగుదురు. అట్టి పుటల వెనుక జరుగు పనిని ఎరిగినవారు కొలదిమందియే. తానుగా నొక వెబ్ అనువర్తనమును నిర్మింపగోరు విద్యార్థి దానిని లోకమునకు చూపుటకు పూర్వము తన కంప్యూటరుపైననే నడిపి చూచుకొనవలెను. ఈ పని యెట్లు చేయవలెనో, ఏల చేయవలెనో ఈ పాఠమున వివరింతుము.

పాఠశాల గ్రంథాలయపు చిట్టాను ఉదాహరణముగా గైకొందము. అందు పుస్తకము పేరు, తీసికొనిన విద్యార్థి పేరు, తిరిగి ఇయ్యవలసిన తేదీ యుండును. ఇట్టి అనువర్తనమునకు మూడు భాగములు గలవు. కంటికి కనబడు పుట మొదటిది; ఇది బ్రౌజరునందు నడచును. అడిగినదానిని విచారించి బదులిచ్చు సర్వరు రెండవది. వివరములను భద్రపరచు డేటాబేసు మూడవది. పాఠశాల కార్యాలయమునందలి కిటికీ, గుమాస్తా, రికార్డుల బీరువా యెట్టివో ఇవియు నట్టివే. ఈ మూడింటిని కలిపి నిర్మించు విద్యకే ఫుల్‌స్టాక్ అని పేరు.

ఈ మూడును వేరువేరు యంత్రములపై నుండవలెనను నియమము లేదు. టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున వెబ్‌ను ప్రతిపాదించెను. 1990 చివరకు ఆయన మేజపైనున్న నెక్స్ట్ కంప్యూటరు ఒక్కటియే సర్వరును, బ్రౌజరును కూడ నడిపెను. వెబ్ పుట్టినది అట్లు ఒక్క యంత్రమునందే.

ఇక పని వరుస. మొదట ప్రోగ్రాము ఫైళ్లను ఒక ఫోల్డరునందుంచి, గిట్ అను సాధనముతో మార్పుల చరిత్రను వ్రాసికొనవలెను. దీనిని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ నిర్మించెను. రెండవది, సర్వరు నడచుటకు నోడ్ జేఎస్‌ను స్థాపింపవలెను. ఏ వెర్షనును వాడితిమో వ్రాసి యుంచినచో తోటివాని కంప్యూటరుపైనను ప్రోగ్రాము అట్లే నడచును. మూడవది, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేసును స్థాపించి పట్టికలను చేయవలెను. నాల్గవది, డేటాబేసు రహస్యపదమును ప్రోగ్రాములో వ్రాయక వేరొక ఫైలునందుంచి, దానిని గిట్‌లో చేరనీయరాదు. ఒకసారి చేరినచో, తరువాత తీసివేసినను ఆ చరిత్రయందు నిలిచియుండును.

పిదప సర్వరును నడిపించి, బ్రౌజరునందు లోకల్‌హోస్ట్ అను పేరును, పోర్టు సంఖ్యను వ్రాయవలెను. లోకల్‌హోస్ట్ అనగా 127.0.0.1 అను చిరునామా. ‘ఈ యంత్రమే’ అని దాని భావము. ఒకే యంత్రమునందు పలు పనులు నడచునప్పుడు ఏ పని కేది ద్వారమో పోర్టు తెలుపును. మైఎస్‌క్యూఎల్‌కు వాడుకగా 3306, మన సర్వరునకు 3000 అని యుంచుకొనవచ్చును. ఇట్లు పంపిన సమాచారము యంత్రమును దాటి వెలుపలికి పోదు. కావున ఇంటర్నెట్టు ఆగినను పని ఆగదు. అదే పేరును ఫోనులో వ్రాసినచో పుట రాదు. ఏలయన అచట ‘ఈ యంత్రము’ అనగా ఫోనే యగును.

పుట తెరచుకొనినంతనే పని ముగిసినదని తలపరాదు. చిరాగ్‌పల్లి జహీరాబాదునకు చేరువగా, కర్ణాటక సరిహద్దున నున్న గ్రామము. ఇట్టి చోట తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ కూడ వినవచ్చును. కాబట్టి మన చిట్టా మూడు లిపులలోని పేర్లనును సరిగా భద్రపరచవలెను. తెలుగు లిపికి 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణమునందే స్థానము గలదు. అయినను ‘శ్రీ’ అనునది కంటికి ఒక్క అక్షరమే గాని, యూనికోడ్‌నందు శకారము, విరామము, రేఫము, ఈకారపు గుర్తు అని నాలుగు సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిని 12 బైట్లు. పేరునకు కొద్దిపాటి చోటు మాత్రమే కేటాయించినచో అది నడుమ తెగిపోవచ్చును. 2018లో వెలువడిన ఎనిమిదవ వెర్షనునకు పూర్వపు మైఎస్‌క్యూఎల్ మనము ప్రత్యేకముగా మార్పనిచో లాటిన్ లిపి పద్ధతినే అనుసరించెడిది. దానియందు తెలుగు పేరు ప్రశ్నార్థకముల వరుసగా మారిపోవచ్చును. పిదప అసలు పేరును తిరిగి పొందుట సాధ్యముకాదు. ఉర్దూ కుడినుండి యెడమకు సాగును గనుక పుట అమరికను కూడ పరీక్షింపవలెను.

ఈ పరీక్షలకు నిజమైన విద్యార్థుల పేర్లను, ఫోను సంఖ్యలను వాడరాదు. కల్పిత నామములే చాలును. ఇతరులు నమ్మి యిచ్చిన వివరములు ప్రయోగ సామగ్రి కావు. తప్పు చేసి, డేటాబేసును తుడిచి, మరల మొదలిడుటకు స్వంత కంప్యూటరే తగిన చోటు. అచట మన పొరపాటువలన ఏ బిడ్డ పేరును చెడదు, ఏ యింటి గుట్టును బయటపడదు.

అభ్యాసము: మీ తరగతికి చిట్టా నొకటి సిద్ధపరచి, అందు తెలుగు, కన్నడ, ఉర్దూ లిపులలో ఒక్కొక్క కల్పిత నామమును చేర్చుడు. సర్వరును ఆపి, మరల నడిపి, మూడు పేర్లును యథాతథముగా నున్నవేమో చూడుడు. చేసిన మెట్లను కాగితముపై వ్రాసి స్నేహితునికిచ్చి, అతడు మిమ్మడుగకయే తన కంప్యూటరుపై దానిని నడుపగలడేమో పరీక్షింపుడు.